డాక్టర్ రీమర్ సాక్ష్యం

న్యూజెర్సీలో నది ఒడ్డున ఉండేది మా రంగుల ఫ్యాక్టరీ. నూలుకి, తోలుకి, కాగితానికి వేసే రంగులు చేసేవాళ్ళం. ఆ పూట ఏ రంగు చేస్తున్నామో నదిని చూసి చెప్పొచ్చని ఊళ్ళో జోకు. 1977లో నేను అక్కడి ల్యాబులో చేరాను. నాది రేపల్లె. వాల్తేరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, పెళ్ళయ్యాక మా ఆయన ఆనందబాబుతో ఇక్కడికి వచ్చాను. నా పేరు విమలకుమారి. ల్యాబులో అందరూ విల్మా అనేవాళ్ళు. సరిదిద్దడం మొదటి నెలలోనే మానేశాను.

ల్యాబు చివర చిన్న గది డాక్టర్ ఎవాల్డ్ రీమర్‌ది. అప్పటికే ఆయన రిటైరై నాలుగేళ్ళయింది. అయినా కంపెనీ కన్సల్టెంటుగా ఉంచుకుంది. రంగు బట్టకి సరిగ్గా పట్టకపోయినా, ఎండకి వెలిసిపోయినా ఆయన్ని పిలిచేవాళ్ళు. పొడుగ్గా, కొంచెం వంగి, ఎండాకాలంలో కూడా టై కట్టుకుని ఉండేవాడు. పనివాళ్ళు "డాక్" అనేవాళ్ళు. వెనకాల "జర్మనోడు" అనేవాళ్ళు.

నేను చేరిన వారంలోనే ఒకరోజు నా బల్ల దగ్గర ఆగాడు.

"మీరు ఇండియాలో ఎక్కడివారు?"

"ఆంధ్ర. మద్రాసుకి ఉత్తరాన."

"అంటే నాయుడుపేట వైపా?"

నాయుడుపేట నాకు మద్రాసు పోయే దారిలో వచ్చే స్టేషనుగానే తెలుసు. తను పుట్టింది అక్కడేనని, తన తండ్రి అక్కడి జర్మన్ మిషన్‌లో పాస్టరని చెప్పాడు. నేను ఆశ్చర్యంలో ఉండగానే, పద్యం అప్పజెప్పే పిల్లాడిలా నిటారుగా నిలబడి, తెలుగులో అన్నాడు: "ఏయ్, నీళ్ళు తే! తలుపెయ్యి! చెప్పులు తియ్యి! పో అవతలికి!"

చెప్పి, మెచ్చుకుంటానేమోనని నా మొహం చూశాడు.

నాకు నవ్వు రాలేదు. మా నాయనమ్మ తల్లి మిషన్ బంగళాలో ఆయాగా చేసిన మనిషి. ఆవిడతో దొరల పిల్లలు ఎలా మాట్లాడేవాళ్ళో మా ఇంట్లో కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళు.

"డాక్టర్, అవి పనివాళ్ళతో అనే మాటలు. ఇంకెవరితోనూ అలా అనరు" అన్నాను.

ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. "నాకు వేరే మాటలు రావు. అప్పుడు అవే అవసరమయ్యాయి" అన్నాడు. మళ్ళీ నా ముందు తెలుగు మాట్లాడలేదు. కానీ మర్నాటి నుంచి నన్ను విమలా అని పిలిచాడు. ఆ ఫ్యాక్టరీలో నా పేరు సరిగ్గా పలికింది ఆయనొక్కడే.

మధ్యాహ్నాలు ఆయన గదిలోనే తినేవాళ్ళం. ఆయన నల్లరొట్టె, నేను పులిహోరో పెరుగన్నమో. అలా తినేటప్పుడే ఆయన కథ కొంచెం కొంచెంగా చెప్పాడు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చినప్పుడు ఇంగ్లీషు దొరలు జర్మన్ పాస్టర్లందర్నీ పట్టుకుని క్యాంపులో పెట్టారు. తర్వాత కుటుంబాలతో సహా ఓడెక్కించి జర్మనీకి పంపేశారు. అప్పుడాయనకి ఎనిమిదేళ్ళు. వెళ్ళింది కరువులోకి. ఆ చలికాలం పశువులకి వేసే దుంపలు తిని బతికారట. తండ్రికి మళ్ళీ ఆరోగ్యం కుదుటపడలేదు. కొడుకుని పాస్టరు చెయ్యాలనుకున్నాడు. కొడుకు కెమిస్ట్రీ చదివి, జర్మనీలోనే ఇంకో నది ఒడ్డున ఉన్న పెద్ద రంగుల కంపెనీలో చేరాడు.

"దేవుడి పని ఎందుకు చెయ్యలేదు?" అని అడిగాను ఒకసారి.

"దేవుడు జీతం సరిగ్గా ఇవ్వడని మా నాన్నని చూసి తెలుసుకున్నాను."

ఆ తర్వాత ఇంకో యుద్ధం. దాని గురించి అడిగితే "అందరూ పనిచేశారు, నేనూ చేశాను" అని రొట్టె చుట్టిన కాగితం మడత పెట్టేవాడు. 1951లో భార్య గెర్డాతో అమెరికా వచ్చాడు. పిల్లల్లేరు.

మా ఫ్యాక్టరీలో బెంజిడిన్ అనే పదార్థం చేసేవాళ్ళు. తెల్లటి పొడి, గాలి తగిలితే ఎర్రబారుతుంది. ఎరుపు, నలుపు, గోధుమ రంగులు చాలావాటికి అదే మూలం. నేను చేరేసరికి దాన్ని మూతపెట్టిన పాత్రల్లోనే చెయ్యాలని, షెడ్డులోకి వెళ్ళేవాళ్ళు మాస్కులు పెట్టుకోవాలని ప్రభుత్వం రూలు తెచ్చింది. అంతకుముందు అలాంటిదేం లేదు. పారలతో ఎత్తి పీపాల్లో పోసేవాళ్ళు. మధ్యాహ్నం అవే చేతులతో శాండ్‌విచ్ తినేవాళ్ళు. ఇంటికెళ్ళి స్నానం చేస్తే టబ్బు గులాబీరంగు అయ్యేదని సాల్ మరీనో నాతో నవ్వుతూ చెప్పాడు. అక్కడి చాలామంది లాగే ఇటాలియన్, ఆ షెడ్డులో ఇరవై ఏళ్ళు పైగా చేసిన మనిషి. లావుగా, హుషారుగా ఉండేవాడు. ఇంట్లో పండిన టమాటాలు సంచిలో తెచ్చి ల్యాబులో అందరికీ పంచేవాడు.

1979లో సాల్‌కి మూత్రంలో రక్తం పడింది. బ్లాడర్ క్యాన్సర్ అన్నారు. అతని కంటే ముందే ఆ షెడ్డులో చేసిన ఇద్దరికి వచ్చింది. తర్వాత ఇంకా వచ్చింది. అందరూ పాతకాలం వాళ్ళే.

ఒక సాయంత్రం రీమర్, నేను కార్ల దగ్గరికి నడుస్తుంటే సాల్ ఎదురొచ్చాడు. ఆపరేషనయి, సగానికి సగం చిక్కిపోయాడు.

"డాక్, నువ్వు జర్మనీలో కూడా ఈ పనే చేశావు కదా. అక్కడ కూడా మనుషులకి ఇలా వచ్చిందా?"

రీమర్ కారు తాళాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"వచ్చింది. నేను పుట్టకముందే ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక డాక్టరు కనిపెట్టాడు. ఇప్పుడు ముట్టుకుంటే పదిహేనేళ్ళకో ఇరవై ఏళ్ళకో వస్తుంది. మా కంపెనీలో పనివాళ్ళకి మూత్రం పరీక్షలు చేసేవాళ్ళు."

"మరి ఇక్కడ ఎందుకు చెయ్యలేదు?"

"చెయ్యమని చెప్పాను. 1956లో మేనేజర్ల మీటింగులో లేచి చెప్పాను. డైరెక్టరు నవ్వాడు. 'ఎవాల్డ్, మీ ఫ్యాక్టరీలు ఇరుకు, మాకు కిటికీలున్నాయి' అని ఇంకో విషయంలోకి వెళ్ళిపోయాడు."

"వాళ్ళకి చెప్పావు." సాల్ గొంతు పెరగలేదు. "మాకెందుకు చెప్పలేదు? రోజూ మా షెడ్డుకి వచ్చేవాడివి. నా టమాటాలు తిన్నావు."

"అప్పటికి నాకు సిటిజెన్‌షిప్ రాలేదు" అన్నాడు రీమర్. ఆ మాట అన్నాక అది ఎలా వినిపించిందో ఆయనకే తెలిసినట్టుంది. తల దించుకున్నాడు.

సాల్ ఇంకో అడుగు దగ్గరికొచ్చి, "ఆ మీటింగు సంగతి కోర్టులో చెప్తావా?" అని అడిగాడు.

"చెప్తాను."

జబ్బుపడ్డవాళ్ళంతా కలిసి దావా వేశారు. మామూలుగా పనివాళ్ళు కంపెనీ మీద దావా వెయ్యడానికి వీల్లేదు. ప్రభుత్వం లెక్క ప్రకారం వచ్చే నష్టపరిహారం పుచ్చుకుని ఊరుకోవాలి. కంపెనీకి ముందే తెలుసని, తెలిసీ దాచిపెట్టిందని రుజువైతేనే అసలు కేసు నిలబడుతుంది. ఆ మీటింగు తప్ప వాళ్ళ దగ్గర ఇంకే రుజువూ లేదు. అందులో రీమర్ అన్న మాట ఎవరూ రాసిపెట్టలేదు. ఉన్నదల్లా ఆయన నోటిమాట.

ఆయన సాక్ష్యం చెప్తున్నాడని తెలిసిన వారంలో గది ఖాళీ చెయ్యమన్నారు. పుస్తకాలు సర్దడానికి నేను సాయం చేశాను. ప్లాంట్ మేనేజర్ కార్ల్‌సన్ నన్ను తన రూముకి పిలిచాడు.

"విల్మా, ముసలాయనతో నువ్వే ఎక్కువగా ఉంటావు. ఈమధ్య మతిమరుపు వచ్చినట్టు లేదూ? ఒక్క మాట చెప్తే చాలు. మా లాయర్లు మిగతాది చూసుకుంటారు."

"ఆయనకి బాగానే గుర్తుంటుంది సర్. నా పేరు విమల. అది కూడా ఆయనకే గుర్తుంది."

ఆ ఏడాది నాకు రావాల్సిన ప్రమోషన్ రాలేదు. ఆనందబాబు చిరాకుపడ్డాడు. "మనకెందుకు విమలా ఈ గొడవ? ఆయన జర్మన్, వాళ్ళు ఇటాలియన్లు, కంపెనీ అమెరికన్‌ది. మధ్యలో నువ్వేంటి?"

"నేను కెమిస్టుని" అన్నాను. ఆయన పేపరు తిరగేసుకున్నాడు.

కేసు విచారణకి రావడానికి నాలుగేళ్ళు పట్టింది. ఈలోగా దావా వేసినవాళ్ళలో కొందరు పోయారు. 1983 వసంతంలో రీమర్ సాక్ష్యం వచ్చింది. దానికి ముందు ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్ళాను. గెర్డా టీ ఇచ్చింది. ఎప్పుడూ ఎక్కువ మాట్లాడని ఆవిడ ఆ రోజు నన్ను వంటింట్లోకి పిలిచి చెయ్యి పట్టుకుంది.

"వద్దని చెప్పమ్మా. నా మాట వినడం లేదు. వాళ్ళు పాతవి తవ్వుతారు."

"ఏం పాతవి?"

ఆవిడ చెయ్యి వదిలేసి కప్పులు కడగడం మొదలుపెట్టింది.

సెలవు పెట్టి కోర్టుకి వెళ్ళాను. సాల్ ముందు వరసలో భార్య పక్కన కూర్చున్నాడు. మోకాళ్ళ మీద దుప్పటి, దాని కింద మూత్రం సంచి. పనివాళ్ళ లాయరు అడిగినప్పుడు రీమర్ స్పష్టంగా చెప్పాడు. మీటింగు ఏ గదిలో జరిగిందో, ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో, డైరెక్టరు ఏమన్నాడో. జ్యూరీలో ఒకావిడ ముందుకి వంగి మరీ వింటోంది. గెలుస్తామనే అనుకున్నాను.

తర్వాత కంపెనీ లాయరు లేచాడు. మెత్తటి గొంతు మనిషి.

"డాక్టర్ రీమర్, ఆ మీటింగులో ఉన్నవాళ్ళలో ఇప్పుడు బతికున్నది మీరు కాక ఇంకొక్కరే. మీరు అలా అన్నట్టు ఆయనకి గుర్తు లేదు."

"ఆయన మరిచిపోయి ఉండొచ్చు."

"కావచ్చు. 1943లో మీరెక్కడ పనిచేసేవారు?"

కంపెనీ పేరు చెప్పాడు.

"మీ కింద బెంజిడిన్ పనిలో ఎవరుండేవారు?"

"ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఆడవాళ్ళు."

"వచ్చినవాళ్ళా?"

రీమర్ మంచినీళ్ళ గ్లాసు వైపు చూశాడు, తీసుకోలేదు. "పట్టుకొచ్చినవాళ్ళు. చుట్టూ కంచె ఉండేది. రాత్రికి బ్యారెక్స్‌లో పెట్టి తాళం వేసేవాళ్ళు."

"వయసులో ఎలాంటివాళ్ళు?"

"పదిహేడు, పద్దెనిమిది. కొందరు ఇంకా చిన్నవాళ్ళు."

"ఆ పొడి ప్రమాదమని అప్పటికి మీకు తెలుసా?"

"తెలుసు."

"జర్మన్ పనివాళ్ళకి జరిపే మూత్రం పరీక్షలు ఆ అమ్మాయిలకి జరిపారా?"

"లేదు."

"ప్రమాదమని చెప్పారా?"

"లేదు."

"మీరు నాజీ పార్టీ సభ్యులా?"

"1937 నుంచి. సభ్యత్వం లేకపోతే డిపార్టుమెంటు ఇచ్చేవాళ్ళు కాదు."

"ఎందుకు చెప్పలేదు ఆ అమ్మాయిలకి?"

"చెప్పినా వాళ్ళకి బయటికి పోయే దారి లేదు. అది ఒక సాకు. అసలు కారణం, నోరెత్తితే నన్ను యుద్ధానికి పంపిస్తారని భయం."

నేను నా చేతులకేసి చూసుకుంటున్నాను. రెండేళ్ళు ఆ మనిషి ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను.

"అంటే, మనుషుల ప్రాణం పోతుందని తెలిసినా నోరు మూసుకోవడం మీకు అలవాటే" అన్నాడు లాయరు, ఇంకా మెత్తగా. "ఇక్కడికొచ్చాక మాత్రం ఒక్కసారి నోరు విప్పారని, అదీ ఇప్పుడు సాక్షులెవరూ మిగలనిచోట విప్పారని మేం నమ్మాలి."

"ఆ అమ్మాయిలకి చెప్పలేదు కాబట్టే ఇక్కడ చెప్పాను" అన్నాడు రీమర్.

"ఇంకేం ప్రశ్నల్లేవు" అని లాయరు కూర్చున్నాడు. ముందుకి వంగి విన్న జ్యూరీ ఆవిడ వెనక్కి వాలి చేతులు కట్టుకుంది.

విరామంలో వరండాలో సాల్ చక్రాల కుర్చీ ఆయన దగ్గరికి వచ్చింది. నేను పక్కనే ఉన్నాను.

"గుర్తు లేదని చెప్పి ఉండొచ్చుగా డాక్? నలభై ఏళ్ళ కిందటి సంగతి. గుర్తు లేదంటే ఎవడు కాదంటాడు?"

"అది గుర్తు లేదంటే, ఇదీ గుర్తు లేదనే అనుకుంటారు కదా సాల్."

"నీ నిజాయితీ నా నెత్తిన పెట్టావు" అన్నాడు సాల్. "చెప్పాల్సినప్పుడు చెప్పవు. దాచాల్సినప్పుడు దాచవు." భార్య కుర్చీ తోసుకుపోయింది.

కంపెనీకి ముందే తెలుసని రుజువు కాలేదని జ్యూరీ తేల్చింది. పనివాళ్ళకి దక్కింది ఆ మామూలు పరిహారమే. ఊరి పేపరు తీర్పు గురించి నాలుగు ముక్కలు రాసి, మిగతాదంతా రీమర్ గురించి రాసింది.

ఒక నెలపాటు నేను ఆయనకి ఫోన్ చెయ్యలేదు. ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆ అమ్మాయిలు కళ్ళముందు ఆడేవాళ్ళు. పదిహేడేళ్ళ వయసులో నేను రేపల్లెలో ఓణీ వేసుకుని కాలేజీకి పోయేదాన్ని. చివరికి ఒకరోజు ఆయనే ఫోన్ చేశాడు.

"గెర్డా వెళ్ళిపోయింది. వాళ్ళ చెల్లెలి దగ్గరికి, జర్మనీలో కాసెల్‌కి."

"ఎప్పుడొస్తుంది?"

"రాదు. ముప్పై ఏళ్ళు ఎవరికీ తెలియకుండా బతికాం, నీ నోటితో నువ్వే చెప్పుకున్నావు అంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కనిపిస్తే మొహం తిప్పుకుంటున్నారట."

నేను వెళ్ళాను. పప్పు, అన్నం పట్టుకెళ్ళాను. వంటింట్లో గిన్నెలు బోర్లించి, సర్ది, శుభ్రంగా ఉన్నాయి. వండుకోవడం ఆయనకి చేతకాదు.

"మీరు చేసింది నేను క్షమించలేను డాక్టర్. క్షమించడానికి నేనెవర్ని" అన్నాను.

"నేను అడగలేదు" అన్నాడు. "ఉప్పు ఉందా ఇందులో?"

ఆ మాటతో కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఉప్పు డబ్బా తీసి ఆయన ముందు పెట్టాను.

సాల్ ఆ అక్టోబరులో పోయాడు. రీమర్ నల్లకోటు వేసుకుని అంత్యక్రియలకి వెళ్ళాడు. సాల్ భార్య గుమ్మంలోనే ఆపింది. తిట్టలేదట. "ఇవాళ కాదు. ఇంకెప్పుడూ కూడా వద్దు" అందట. ఆయన తిరిగొచ్చి కార్లో కూర్చుని, స్టార్ట్ చెయ్యడం చేతకాక, నాకు రోడ్డు పక్కన ఫోన్ నుంచి కాల్ చేశాడు. నేను వెళ్ళి డ్రైవ్ చేసి ఇంటికి చేర్చాను.

ఆయన వెళ్ళే లూథరన్ చర్చి బేస్‌మెంటులోనే ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు ఆరాధన జరిగేది. పైన ఇంగ్లీషు ఆరాధనలో ఆయన కూర్చున్న బెంచీలో ఇంకెవరూ కూర్చోవడం మానేశారు. ఒక ఆదివారం మెట్లు దిగి మా దగ్గరికి వచ్చాడు. మా సంఘపెద్ద దైవాశీర్వాదం గారు ఎదురెళ్ళి ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. నాయుడుపేట పాస్టరుగారి అబ్బాయి అని అందరికీ పరిచయం చేశాడు. "మీ నాన్నగారి మిషన్ స్కూల్లోనే మా నాన్న అక్షరాలు నేర్చుకున్నాడండి" అన్నాడు.

"మా నాన్న పుణ్యం నా ఖాతాలో వెయ్యకండి" అన్నాడు రీమర్. అందరూ వినయం అనుకుని మురిసిపోయారు.

నాలుగు వారాలు వచ్చాడు. అర్థం కాకపోయినా పాటలు వింటూ కూర్చునేవాడు. ఐదోవారం దైవాశీర్వాదం గారు నన్ను పక్కకి పిలిచాడు. పైన కమిటీ వాళ్ళు అడిగారట, ఆయన మీ దగ్గరికెందుకు వస్తున్నాడని. "వాళ్ళు మనకి అద్దె లేకుండా హాలు ఇస్తున్నారమ్మా. నువ్వే నెమ్మదిగా చెప్పు" అన్నాడు.

"నేను చెప్పను అంకుల్."

చెప్పాల్సిన పని లేకపోయింది. కాఫీ దగ్గర నలుగురి చూపులూ చూసి ఆయనే మానేశాడు.

1985లో ఫ్యాక్టరీ మూశారు. రూలు ప్రకారం నడపడం కిట్టడం లేదన్నారు. నాకు ఒక నీళ్ళ పరీక్షల ల్యాబులో ఉద్యోగం దొరికింది. బెంజిడిన్ షెడ్డులోని పాత్రలు, గొట్టాలు, పంపులు అన్నీ విప్పి, కడిగి, రంగువేసి, చెక్కపెట్టెల్లో బిగించారు. గుజరాత్‌లో ఒక కంపెనీ కొనుక్కుంది. అక్కడ బిగించి, నడపడం నేర్పి రావడానికి మా కంపెనీ శ్రీధర్‌ని పంపుతోంది. విజయవాడ కుర్రాడు, కెమికల్ ఇంజినీరు. నన్ను అక్కా అనేవాడు.

రీమర్‌కి ఈ సంగతి చెప్పింది నేనే. ఆయన తింటున్న చెంచా కింద పెట్టేశాడు.

"ఆ అబ్బాయిని ఒకసారి కలవాలి."

ఒక శనివారం ఇద్దర్నీ భోజనానికి పిలిచాను. రీమర్ చాలా తయారై వచ్చాడు. భోజనం అవుతూనే చెప్పడం మొదలుపెట్టాడు. పొడి ఎలా చర్మంలోంచి లోపలికి పోతుందో, ఏ పరీక్షలు ఎలా చెయ్యాలో, ఏది వాడితే అసలు ఆ పొడితో పనే లేకుండా రంగు చెయ్యొచ్చో. "ఇవేం చెయ్యనివ్వకపోయినా కనీసం పనివాళ్ళకి చెప్పండి. మేనేజర్లకి కాదు. పనివాళ్ళకి. వాళ్ళ భాషలో" అన్నాడు.

"ష్యూర్ డాక్టర్. డెఫినెట్‌గా" అన్నాడు శ్రీధర్.

కంచాలు తీసే నెపంతో నా వెనకే వంటింట్లోకి వచ్చాడు.

"అక్కా, ఈయన్ని కోర్టులోనే ఎవరూ నమ్మలేదు కదా."

"ఆయన్ని నమ్మక్కర్లేదు. లైబ్రరీకి పోయి చదువు."

"చదివా. అంతా తెలుసక్కా." గొంతు తగ్గించాడు. "కానీ నేను కాదంటే ఇంకొకడు పోతాడు. నా గ్రీన్‌కార్డ్ వీళ్ళ చేతిలో ఉంది. ఇంకో ఏడాది ఓపిక పడితే వచ్చేస్తది."

నేను కుళాయి తిప్పి గిన్నెలు కడిగాను. హాల్లో రీమర్ ఆనందబాబుకి అదే మళ్ళీ మొదటినుంచి చెప్తున్నాడు.

శ్రీధర్ ఎనిమిది నెలలకి తిరిగొచ్చాడు. గ్రీన్‌కార్డ్ కూడా వచ్చింది. స్వీట్లు తీసుకుని ఇంటికొచ్చాడు.

"ప్లాంటు సూపర్‌గా నడుస్తోందక్కా. ప్రాబ్లెమ్ ఏమీ లేదు. కాంట్రాక్టు లేబరు. ఆరు నెలలు కాగానే ఆ బ్యాచీని పంపేసి కొత్తవాళ్ళని తెస్తారు. ఒక్కడూ అంతకంటే ఉండడు. ఇంక జబ్బెక్కడ్నించి వస్తది?"

"ఎక్కడివాళ్ళు?"

"ఒరిస్సా, బీహారు. మన శ్రీకాకుళం వాళ్ళు కూడా ఉన్నారు. నేను తెలుగులో పలకరిస్తే ఎంత సంబరపడ్డారో పాపం."

"తెలుగులో ఏం మాట్లాడావు?"

"ఏముంది, ఏ ఊరు, పెళ్ళయిందా, పిల్లలెంతమంది. అవే."

స్వీట్ల డబ్బా వెనక్కి ఇచ్చి పంపాలనిపించింది. ఆనందబాబు అప్పటికే ఒకటి నోట్లో వేసుకున్నాడు.

రీమర్‌ అప్పటికి నర్సింగ్ హోములో ఉన్నాడు. పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయింది. మాట మాత్రం బాగానే ఉంది. నేను వెళ్ళగానే కూర్చోకముందే అడిగాడు.

"ఆ అబ్బాయి వచ్చాడా? చెప్పాడా వాళ్ళకి?"

చెప్పాడని అనొచ్చు. అక్కడ కాదనేవాళ్ళు ఎవరూ లేరు. కానీ ఆ మనిషికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"చెప్పలేదు డాక్టర్."

కాసేపు కిటికీ వైపు చూశాడు. బయట పార్కింగ్ లాటు, మంచు తోసి పెట్టిన గుట్టలు.

"అతనికి వయసెంత?"

"ముప్పై నాలుగు."

"నాకప్పుడు ముప్పై అయిదు" అన్నాడు. తర్వాత కళ్ళు మూసుకుని, "మంచి కుర్రాడు. మర్యాద తెలిసినవాడు" అన్నాడు. మెచ్చుకున్నాడో, తిట్టాడో నాకు తెలియలేదు.

1988 ఫిబ్రవరిలో పోయాడు. కాసెల్‌కి ఫోన్ చేసి చెప్పాను. గెర్డా విని, థాంక్యూ అని పెట్టేసింది. స్మశానంలో పాస్టరు, నేను, ఆనందబాబు, నర్సింగ్ హోము నుంచి ఒక నర్సు. అంతే. కంపెనీ హెడ్డాఫీసు నుంచి పెద్ద పూలచక్రం వచ్చింది. "దీర్ఘకాల సేవకు కృతజ్ఞతలతో" అని రిబ్బను మీద బంగారు అక్షరాలు. పేరు రీమర్ బదులు రైనర్ అని రాశారు.

నేను దాన్ని తీసి చెట్టు వెనక పడేశాను. ప్రార్థన మొదలుపెట్టబోతూ పాస్టరు అది చూశాడు. గాలికి ఎగిరిపోయిందనుకున్నాడు కాబోలు, మెల్లగా వెళ్ళి తెచ్చి, దులిపి, మళ్ళీ శవపేటిక మీద పెట్టాడు.